పనికీ కాలువలు కట్టాలి: తీరిక లేని వృత్తుల్లో ఉన్నవారు విశ్రాంతిని ఏర్పాటు చేసుకునే పద్ధతి

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి కాలువలు కట్టేయడమంటే ఏమిటో వివరించనక్కరలేదు. దాళ్వా (రబీ వరి) పంట చేతికి వచ్చే వేళకు ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీళ్లు ఆపేస్తారు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలన్నీ నెమ్మదిగా అడుగంటుతాయి. మళ్లీ సార్వా (ఖరీఫ్ వరి) నారుమళ్లకు నీళ్లు వదిలేలోగా పూడిక తీయడం, గుర్రపుడెక్క తొలగించడం, లాకుల తలుపులు బాగుచేయడం, కూలిన గట్లు కట్టుకోవడం వంటి పనులు సాగుతాయి. 1852లో ఆర్థర్ కాటన్ ఆనకట్ట పూర్తి చేశాక ఈ నేల అన్నపూర్ణ అయింది. అంతటి వ్యవస్థ కూడా ఏటా కొన్ని వారాలు పారుదల ఆపుకోనిదే నిలబడదు. నీరు పారుతూ ఉండగా పూడిక తీయలేమని ఇక్కడి రైతులందరికీ తెలుసు. ఇదే సంగతి మన శరీరానికీ, మనసుకీ వర్తిస్తుందని మాత్రం చదువుకున్నవాళ్లం, వృత్తుల్లో స్థిరపడినవాళ్లం చాలా ఆలస్యంగా ఒప్పుకుంటాం.

నేను అమలాపురంలో ఆడిటరుగా పనిచేస్తున్నాను. రైస్ మిల్లులు, కొబ్బరి కొట్లు, రొయ్యల చెరువుల యజమానులు, బట్టల దుకాణాలు నా ఖాతాదారులు. నెలలో 7వ తేదీ టీడీఎస్, అంటే చెల్లింపుల్లోంచి ముందే కోసిన పన్ను, కట్టడానికి, 11వ తేదీ అమ్మకాల వివరాలు చెప్పే జీఎస్టీఆర్-1కి, 20వ తేదీ జీఎస్టీ లెక్క తేల్చి కట్టే 3బి రిటర్నుకి గడువులు. వీటికి తోడు జూలైలో రిటర్నులు, సెప్టెంబరులో ఆడిట్ నివేదికలు వచ్చిపడతాయి. ఏడేళ్ల కిందటి సెప్టెంబరులో వరుసగా మూడు వారాలు రాత్రి ఒంటిగంట వరకు పనిచేశాను. ఒకనాడు ఒక మిల్లు ముగింపు నిల్వలో రెండు అంకెలు తారుమారు చేసి సంతకం పెట్టాను. మా ఆఫీసు అబ్బాయి అది పట్టుకోబట్టి పరువు దక్కింది. ఆ రాత్రే భోజనానికి రమ్మని మా అత్తగారు మూడుసార్లు పిలిచారట, ఆ పిలుపు నాకు వినిపించనే లేదు. మర్నాడు గుండె పట్టేసినట్టయి ఆసుపత్రికి వెళితే ఈసీజీ బాగానే ఉందన్నారు. డాక్టరు గారు నన్ను అడిగింది ఒకే ప్రశ్న: "ఏడు గంటలు నిద్రపోయి ఎన్నాళ్లయిందమ్మా?" జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత చదివి, చేసి, విఫలమై, మళ్లీ చేసి నేను కుదుర్చుకున్న పద్ధతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నావంటి వృత్తిలో ఉన్నవారిని దృష్టిలో పెట్టుకుని రాసినా, డాక్టర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, కాలేజీ అధ్యాపకులు కూడా తమ పనికి తగ్గట్టు దీనిని మార్చుకోవచ్చు.

మొదట లెక్క తీయండి

అలసట అందరికీ ఉంటుంది, ఒక ఆదివారం నిద్రతో తీరిపోతే దానికోసం ఇంత రాయనక్కరలేదు. నిద్రపోయినా తీరని అలసట, ఒకప్పుడు ఇష్టంగా చేసిన పని మీద విసుగూ ఏవగింపూ, ఎంత చేసినా ఏమీ చేయలేకపోతున్నామనే భావం, ఈ మూడూ కలిసి వస్తే అది వేరే సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పులో ‘బర్నవుట్’ను వర్ణించినప్పుడు ఈ మూడు లక్షణాలనే చెప్పింది. దానిని వ్యాధిగా కాక, అదుపు తప్పి దీర్ఘకాలం సాగిన పని ఒత్తిడి ఫలితంగా గుర్తించింది. ఈ తేడా చాలా ముఖ్యమైనది, ఎందుకంటే లోపం మన మనోబలంలో ఉందని కుమిలిపోవడం మానేసి, పని అమరికను సరిచేసుకోవడం మీద దృష్టి పెట్టడానికి ఇదే ఆధారం.

అమరికను సరిచేయాలంటే ముందు అది ఎలా ఉందో తెలియాలి. ఒక చిన్న పుస్తకం తీసుకుని, ఏడు రోజుల పాటు, రోజుకు మూడుసార్లు, అప్పటివరకు గడిచిన గంటలను నాలుగు పద్దుల కింద రాయండి: పని, ఇంటిపని, నిద్ర, మిగిలినది. ఫోనులో పని గురించి మాట్లాడిన సమయాన్ని, భోజనం చేస్తూ చదివిన మెసేజీలను కూడా పని పద్దులోనే వేయండి, అక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. వారానికి 168 గంటలు. రోజుకు 7 గంటల నిద్రకు 49 తీసేస్తే మిగిలేవి 119. నా మొదటి వారం లెక్కలో పని పద్దు 74 గంటలు తేలింది, నేను మాత్రం యాభై దాటదనుకున్నాను.

ఈ అంకెను ఊరికే చూసి వదిలేయకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించిన అంచనా ప్రకారం, వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం, రక్తనాళాలు పూడుకుపోయే గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ. ఒక్క 2016లోనే ఇలాంటి సుదీర్ఘ పనిగంటల వల్ల 7,45,000 మంది మరణించారని ఆ అంచనా. కనుక పని పద్దు 55 దాటితే దాన్ని దించడమే మొదటి లక్ష్యం కావాలి. ఒకేసారి నలభైకి దించాలని చూస్తే కుదరదు. నేను నెలకు నాలుగైదు గంటల చొప్పున తగ్గించుకుంటూ వచ్చాను.

సాయంత్రం గేట్లు దించడం

అన్నిటికంటే ఎక్కువ మేలు చేసిందీ, అన్నిటికంటే ఎక్కువ కష్టపెట్టిందీ రోజూ పని ముగించే పద్ధతి. కుర్చీలోంచి లేచి ఇంటికి వచ్చినంత మాత్రాన పని ఆగదు, అది తలలో పారుతూనే ఉంటుంది. కాలువ నీటిని చూసుకునే లస్కరు తూము తలుపు సగమే దించి వెళ్లిపోతే రాత్రంతా సన్నగా నీరు కారి తెల్లారేసరికి పల్లపు చేను మునిగినట్టే, సగం మూసిన పని రాత్రంతా కారుతుంది.

పని ముగించాలనుకున్న వేళకు 20 నిమిషాల ముందు అలారం పెట్టుకోండి. నాది 6:40కి మోగుతుంది. ఆ తరువాత కొత్త పనేదీ మొదలుపెట్టవద్దు, కొత్త మెయిలు తెరవవద్దు. ఒక తెల్లకాగితం తీసుకుని, పూర్తికాని పనులను ఒక్కొక్క వరుసలో రాయండి. ప్రతి వరుసలో మూడు విషయాలు ఉండాలి: ఏది మిగిలింది, దానికి తరువాతి అడుగు ఏమిటి, ఆ అడుగు ఎప్పుడు. ఉదాహరణకు నా కాగితం మీద నిన్న ఉన్నవి ఇవి: "మండపేట మిల్లు, స్టాకు రిజిస్టరు రాలేదు, రేపు 10:30కి గుమాస్తాకు ఫోను." "అంబాజీపేట కొబ్బరి కొట్టు, 3బి సిద్ధం, చలానా కట్టించాలి, 18వ తేదీ ఉదయం." "చెరువుల ఖాతా, మేత బిల్లులు రెండు తేడా, శుక్రవారం మధ్యాహ్నం కూర్చుని చూడాలి."

ఎప్పుడు చేస్తామో రాయకుండా ఏది మిగిలిందో మాత్రమే రాస్తే ఈ కాగితం పనిచేయదు. అసంపూర్తిగా వదిలిన పని మనసును వెంటాడుతుందని బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వవేత్త 1927లోనే చూపించారు. అయితే ఆ పని పూర్తి చేయనక్కరలేకుండానే, ఎప్పుడు ఎలా చేస్తామో స్పష్టంగా నిర్ణయించుకుంటే చాలు, ఆ వెంటాడటం తగ్గుతుందని మాసికాంపో, బౌమైస్టర్ 2011లో ప్రచురించిన ప్రయోగాలు తెలిపాయి. పడుకునే ముందు 5 నిమిషాల పాటు రాబోయే రోజుల పనుల జాబితా రాసినవారు, చేసిన పనుల గురించి రాసినవారి కంటే త్వరగా నిద్రలోకి జారుకున్నారని అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం నుంచి 2018లో వెలువడిన మరో అధ్యయనం చెప్పింది. మనసుకు కావలసింది భరోసా. రేపు 10:30కి ఈ పని జరుగుతుందని కాగితం మీద ఉంటే, మనసు దాన్ని రాత్రంతా గుర్తు చేయవలసిన అవసరం ఉండదు.

రాయడం అయ్యాక కాగితాన్ని మర్నాడు కూర్చునే చోట, కీబోర్డు మీద పెట్టండి. ఫైళ్లు బీరువాలో పెట్టి, కంప్యూటరును పూర్తిగా ఆపేసి, బల్ల తుడవండి. ఇంటి నుంచి పనిచేసేవారు ఈ భాగాన్ని ఇంకా శ్రద్ధగా చేయాలి, ఎందుకంటే వారికి తాళం వేసే గది లేదు. మా బంధువుల అమ్మాయి ఒకతె కోనసీమలో తమ ఇంటి నుంచే హైదరాబాదు కంపెనీకి పనిచేస్తుంది. పని ముగియగానే ల్యాప్‌టాప్‌ను దాని సంచిలో పెట్టి, సంచిని బీరువా పైఅరలో పెట్టి, చెప్పులు వేసుకుని వీధి చివరి దాకా నడిచి తిరిగి వస్తుంది. ఆ రావడమే తనకు ఆఫీసు నుంచి ఇంటికి రావడం.

ఫోను, ఖాతాదారులు

బల్ల మీది పని కట్టేశాక మిగిలే తూము ఫోను. దీన్ని మాటలతో కాకుండా ఏర్పాటుతో కట్టాలి. ఆఫీసుకు ఒక నంబరు, ఇంటికి ఒక నంబరు ఉండాలి. ఆఫీసు నంబరుకు వాట్సాప్ బిజినెస్ పెట్టుకుంటే, మీరు నిర్ణయించిన వేళ తరువాత వచ్చే మెసేజీలకు దానంతట అదే జవాబు వెళ్లే వీలు అందులో ఉంది. నా జవాబు ఇలా ఉంటుంది: "మీ సందేశం అందింది. రేపు ఉదయం 10 గంటల తరువాత చూసి జవాబిస్తాను." వృత్తి సంఘాల గ్రూపులను, బంధువుల గ్రూపులను ఎప్పటికీ మోగకుండా మ్యూట్ చేసి, ఆర్కైవ్‌లో పెట్టండి, తీరిక ఉన్నప్పుడు మీరే వెళ్లి చూడవచ్చు. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు డు నాట్ డిస్టర్బ్ దానంతట అదే మొదలయ్యేలా అమర్చి, తల్లిదండ్రులు, పిల్లలు, ఆఫీసులో ఒకరు మాత్రం మోగేలా మినహాయింపు ఇవ్వండి. వెంటవెంటనే రెండోసారి చేసినవారి ఫోను మోగే ఏర్పాటు కూడా చాలా ఫోన్లలో ఉంటుంది. అది పెట్టుకుంటే నిజమైన ఆపద తప్పిపోతుందన్న బెంగ ఉండదు. ఛార్జరును పడకగదిలోంచి తీసి హాల్లో పెట్టండి, లేవడానికి 200 రూపాయల అలారం గడియారం చాలు.

ఈ ఏర్పాట్లన్నీ చేశాక కూడా మనుషులతో మాట్లాడక తప్పదు. మన ప్రాంతంలో ఖాతాదారుకూ ఆడిటరుకూ మధ్య ఉండేది కేవలం ఫీజు సంబంధం కాదు. వాళ్లింటి పెళ్లికి మనం వెళ్తాం, మనింట్లో జ్వరమొస్తే వాళ్లు కొబ్బరిబొండాలు పంపుతారు. అందువల్ల ముక్కుసూటిగా కాదనడం ఇక్కడ అమర్యాద అవుతుంది. కాదనకుండా వేళ మార్చే పద్ధతి నేర్చుకోవాలి. రాత్రి తొమ్మిదిన్నరకు ఒక మిల్లు యజమాని ఇంటి నంబరు సంపాదించి వెంటవెంటనే రెండుసార్లు ఫోను చేశారనుకోండి.

"మేడమండీ, పడుకున్నారేంటండీ? జీఎస్టీ వాళ్ల నోటీసొచ్చిందండి, ఒక్క మాట మాట్లాడాలండి."

"చూద్దామండి, మీ పని ఎక్కడికీ పోదు. నోటీసు ఫొటో ఇప్పుడే మా ఆఫీసు నంబరుకు పంపించండి. రేపు పదింటికి మొదటి ఫోను మీకే చేస్తాను."

"ఆయ్, అలాగేనండి."

ఈ జవాబులో క్షమాపణ లేదు, అలసిపోయానన్న సంజాయిషీ లేదు, ఒక భరోసా, ఒక వేళ ఉన్నాయి. ఆ వేళకు తప్పకుండా ఫోను చేయాలి. పది గంటలంటే పది గంటలే. రెండుసార్లు మాట నిలబెట్టుకుంటే మూడోసారి ఆయన రాత్రి ఫోను చేయరు. మాట తప్పితే ఇక్కడ చెప్పిన పద్ధతి మొత్తం కూలిపోతుంది.

అత్యవసరమంటే ఏమిటో కూడా ముందే నిర్వచించుకోవాలి. తెల్లవారేలోగా చేయకపోతే ప్రాణమో, పూడ్చలేనంత డబ్బో పోయేది మాత్రమే అత్యవసరం. నా వృత్తిలో అలాంటివి ఏడాదికి రెండు మూడు మించవు. డాక్టర్లకు రోజూ ఉండవచ్చు, వారు వంతులు వేసుకోవడం తప్ప మార్గం లేదు. ఒకరి చేతి కింద పనిచేసే ఉద్యోగులకు ఈ స్వేచ్ఛ తక్కువేనని నాకు తెలుసు. పనివేళ తరువాత ఉద్యోగి ఫోను, మెయిలు చూడనక్కరలేని హక్కును ఫ్రాన్సు 2017 జనవరి 1 నుంచి చట్టంగా అమలులోకి తెచ్చింది, మన ఉద్యోగికి అంతటి అండ లేదు. అయినా "రాత్రి 8 తరువాత మెసేజీలు ఉదయం చూస్తాను, మరీ అవసరమైతే ఫోను చేయండి" అని పై అధికారితో ఒకసారి మర్యాదగా చెప్పి చూడండి. మెసేజీ పెట్టినంత తేలికగా ఎవరూ రాత్రిపూట ఫోను చేయరు.

శరీరాన్ని సడలించే పది నిమిషాలు

ఇంటికి రాగానే టీవీ ముందు కూలబడితే కాలం గడుస్తుంది గానీ బిగుసుకుపోయిన భుజాలు సడలవు. బిగువును గుర్తించడం నేర్పితే తప్ప కండరం సడలదని అమెరికన్ వైద్యుడు ఎడ్మండ్ జాకబ్సన్ సుమారు వందేళ్ల కిందట కనిపెట్టారు. ఆయన పద్ధతికి కుదించిన రూపమే ఇప్పుడు చెప్పబోయేది.

అరుగు మీదో, వసారాలోనో పడకకుర్చీ వేసుకుని, పాదాలు నేలకు ఆనించి కూర్చోండి. రెండు పిడికిళ్లూ 5 లెక్కపెట్టేంత సేపు గట్టిగా బిగించి, ఒక్కసారిగా వదిలేయండి. వదిలాక 15, 20 లెక్కపెట్టేవరకు ఏమీ చేయకుండా, వేళ్లలోకి వెచ్చగా రక్తం పాకడాన్ని గమనించండి. తరువాత భుజాలను చెవుల దాకా ఎత్తి బిగించి వదలండి. తరువాత దవడ, నుదురు, పొట్ట, తొడలు, పిక్కలు. దవడ దగ్గర కొంచెం ఎక్కువ సేపు ఆగండి. లెక్కలు చూసేవాళ్లం, కంప్యూటరు ముందు కూర్చునేవాళ్లం పగలంతా పళ్లు కరుచుకుని ఉంటామని అది వదిలేవరకు తెలియదు. దెబ్బ తగిలిన చోటును, నొప్పి ఉన్న కీలును బిగించవద్దు.

ఇది అయ్యాక ఊపిరి. ముక్కుతో 4 లెక్కపెడుతూ పీల్చి, 6 లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. అలా చేస్తే నిమిషానికి 6 ఊపిరులు అవుతాయి. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ప్రభావం వల్ల గుండె వేగం సహజంగా తగ్గుతుంది, కనుకనే పీల్చడం కంటే వదలడం పొడవుగా ఉండాలి. ఊపిరిని లోపల బిగబట్టనక్కరలేదు. ఐదు నిమిషాలు చాలు. ఇందులో నిద్ర పట్టేస్తే పట్టనివ్వండి, అది కూడా కావలసినదే.

పగటిపూట కళ్లకు విరామం కావాలి. 20 నిమిషాలకొకసారి, 20 అడుగుల కంటే దూరంగా ఉన్నదాన్ని 20 సెకన్లు చూడాలని కంటి వైద్యులు చెబుతారు. మన ఊళ్లలో కిటికీ తెరిస్తే ఏదో ఒక కొబ్బరిచెట్టు మొవ్వు కనిపిస్తుంది, దాన్ని చూడండి. వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కాలువ గట్టు మీద రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు గబగబా నడిస్తే అది పూర్తవుతుంది. వేసవిలో ఇక్కడి ఉక్కపోతకు ఉదయం 6 లోపే బయలుదేరాలి. కాఫీలోని కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది కాబట్టి, మధ్యాహ్నం మూడు దాటాక కాఫీ బదులు మజ్జిగ తాగండి.

ఆ మిగిలిన గంటలు

పని ఆపితే మిగిలే గంటలను ఎలా గడపాలన్నది చిన్న ప్రశ్న కాదు. అలసిన మనిషి తిరిగి కోలుకోవడానికి నాలుగు రకాల అనుభవాలు తోడ్పడతాయని 2007లో సబైన్ సొన్నెన్‌టాగ్, షార్లెట్ ఫ్రిట్జ్ అనే పరిశోధకులు వివరించారు: పని ఊహ నుంచి విడివడటం, సేదతీరడం, వృత్తికి సంబంధం లేని ఏదో ఒక విద్యలో చేయి తిరగడం, తన సమయం తన చేతిలో ఉండటం. ఫోనులో వీడియోలు జరుపుకుంటూ పోవడం వీటిలో దేన్నీ పూర్తిగా ఇవ్వదు. మూడోదైన నేర్చుకోవడాన్ని మనం అసలు లెక్కలోకే తీసుకోం. అలసిపోయి ఉన్నప్పుడు ఇంకొక పనా అనిపిస్తుంది. నా అనుభవంలో మాత్రం అదే అన్నిటికంటే త్వరగా తేరుకునేలా చేసింది.

మా అత్తగారిది నరసాపురం పక్క ఊరు. అక్కడి ఆడవాళ్లు తరతరాలుగా లేసు అల్లికకు పేరుపడ్డారు. ఆవిడ దగ్గర నేను నలభయ్యో ఏట సూది పట్టాను. కొక్కెం సూదిని ముడిలోకి దూర్చి, దారాన్ని అందుకుని, వెనక్కి లాగి, మళ్లీ దూర్చాలి. ఒక పువ్వుకు ఎన్ని గొలుసులో లెక్క తప్పితే అంచు ముడుచుకుపోతుంది, విప్పి మళ్లీ అల్లాలి. రెండు చేతులూ పనిలో ఉంటాయి కాబట్టి ఫోను అందుకునే వీలుండదు, లెక్క మీద మనసుంటుంది కాబట్టి నోటీసులు గుర్తుకు రావు. అరగంట తరువాత తల ఎత్తి చూస్తే వీధి దీపాలు వెలిగి ఉంటాయి. "ఈ వరుస బాగా కుదిరిందమ్మా" అని అత్తగారు కళ్లజోడు సర్దుకుని ఆ అంచును దీపం కింద పెట్టి చూసినప్పుడు కలిగే తృప్తి, ఆడిట్ నివేదిక దాఖలు చేసినప్పుడు నాకెన్నడూ కలగలేదు. మీకు లేసే కావాలని లేదు. వీణ, తబలా, మొక్కలు అంటుకట్టడం, పిల్లలతో చదరంగం, ఏదైనా సరే. చేతులకు పని కల్పించేదీ, మీ జీతంతో సంబంధం లేనిదీ అయితే చాలు.

వారంలో ఒక పూటను ఎవరికీ ఇవ్వకుండా అట్టే పెట్టండి. నేను ఆదివారం ఉదయం అప్పుడప్పుడు ముక్తేశ్వరం వెళ్లి, నది దాటించే కోటిపల్లి పంటు ఎక్కుతాను. మోటారు సైకిళ్లు, కూరగాయల బుట్టలు, పిల్లలు అందరూ ఎక్కేవరకు పంటు కదలదు. కదిలాక గోదావరి పాయ అయిన గౌతమిని దాటడానికి దానికి పట్టేంత సేపు పడుతుంది. తొందరపడి లాభం లేని చోట కూర్చోవడం తొందర మనుషులకు మంచి వైద్యం. అవతలి రేవులో స్నానం చేసి, గుడికి వెళ్లి, తిరుగు పంటులో వచ్చేస్తాను.

అయితే ఆడవారికి ఈ మిగిలిన గంటలే ఉండవు. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. ఆఫీసులో గేట్లు దించి వచ్చి వంటింట్లో ఎత్తుకుంటే అది విశ్రాంతి ఎలా అవుతుంది? సాయం చేయమని అడగడం వల్ల ఉపయోగం లేదని నేను ఆలస్యంగా గ్రహించాను, సాయమంటే పని మనదేనని ఒప్పుకున్నట్టు. ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా ఒకరికి అప్పగించాలి. మా ఇంట్లో ఉదయం టిఫిను మా వారిది: పప్పు నానబెట్టడం, రుబ్బడం, చట్నీ, గిన్నెలు కడగడం అన్నీ ఆయనవే. మొదటి నెల ఇడ్లీలు గట్టిగా వచ్చాయి, మేమెవ్వరం ఏమీ అనలేదు. ఆ మౌనం కూడా ఈ పద్ధతిలో భాగమే.

ఇవన్నీ చేసినా రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, దేని మీదా ఇష్టం లేకపోయినా, బతకడం దండగ అన్న ఊహ ఒక్కసారి వచ్చినా, దాన్ని అలసట పద్దులో వేయవద్దు. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్‌కు 14416 నంబరులో ఎప్పుడైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. ఛాతీ నొప్పి, ఎడమ చేయి లాగడం, ఆయాసం వస్తే ఊపిరి వ్యాయామాలు చేస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఏడాదికొకసారి అసలు కట్టివేత

రోజువారీ విరామం ఎంత బాగా అమరినా, ఏడాదికి కనీసం ఒకసారి వారం పది రోజులు పని పూర్తిగా ఆగాలి. సంక్రాంతిని ఈ లెక్కలో వేయకండి. మన వైపు సంక్రాంతికి కూతుళ్లు, అల్లుళ్లు, పట్నాల నుంచి వచ్చే బంధువులు, అరిసెల పాకాలు, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, వీటితో ఇల్లు కళకళలాడుతుంది, అది సంతోషమే గానీ విశ్రాంతి కాదు. మీ వృత్తికి కోతలు ముగిసి నాట్లు మొదలుకాని రోజులు ఎప్పుడో చూసుకోండి. ఆక్వా వ్యాపారికి ఒక పంట పట్టుబడి అయి చెరువు ఎండగట్టే రోజులు, అధ్యాపకులకు మే నెల అలాంటివి. ఆడిటర్లకు జూలై, సెప్టెంబరు వంటి గడువు నెలలు తప్ప ఏ నెలలోనైనా 20వ తేదీ దాటాక వారం రోజులు చిక్కుతాయి.

కాలువలు కట్టే తేదీని అధికారులు ముందుగా ప్రకటిస్తారు, ఆలోగా ఊరూరా మంచినీటి చెరువులు నింపుకోమంటారు. మీరూ ఆరు వారాల ముందే ఖాతాదారులకు తేదీలు చెప్పండి. తేదీకి పది రోజుల ముందు ఒక్కొక్కరికీ ఫోను చేసి, "నేను లేని వారంలో మీకు ఏ కాగితం అవసరపడవచ్చు?" అని అడిగి ఇచ్చేయండి, చెరువులు నింపడమంటే ఇదే. ఆఫీసులో ఒకరికి బాధ్యత అప్పగించి, ఎంతవరకు తానే నిర్ణయించవచ్చో రాసివ్వండి. రోజూ ఒక్కసారి మెయిలు చూస్తే తప్పేముంది అనిపిస్తుంది. చూడకండి, ఆ ఒక్కసారితో తూము కారడం మొదలవుతుంది. సెలవు వల్ల కలిగిన తేలికదనం తిరిగొచ్చాక కొద్ది వారాల్లోనే కరిగిపోతుంది కాబట్టి, ఏడాదికొకటే పెద్దది పెట్టుకుని ఊరుకోకుండా, వీలైతే దానికి తోడు నాలుగైదు రోజులవి రెండు మూడు పెట్టుకోవడం మంచిది.

తిరిగి వచ్చే రోజు విషయంలో నేను రెండేళ్లు తప్పు చేశాను. సోమవారం ఉదయం తొమ్మిదికే వరుసగా ఐదుగురికి వేళ ఇచ్చి, మధ్యాహ్నానికి సెలవుకు ముందున్న స్థితికి వచ్చేశాను. జూనులో నీళ్లు వదిలినప్పుడు ఒక్కసారిగా నిండు కాలువ వదలరు. ఆరిన గట్లు నానాలి, శివారు భూములకు నీరందడానికి రోజులు పడుతుంది. ఇప్పుడు మొదటి రోజు మధ్యాహ్నం రెండింటి వరకు ఎవరికీ వేళ ఇవ్వను. ఉదయం తలుపు తీసి, కీబోర్డు మీద నేను పెట్టి వెళ్లిన కాగితం చదువుకుని, ఆఫీసు వారితో కూర్చుని వారం విశేషాలు విని, ఆ రోజుకు మూడు పనులు మాత్రం రాసుకుంటాను. సాయంత్రం 6:40కి అలారం మోగినప్పుడు మూడోది మిగిలి ఉంటే, దాని పక్కన మర్నాటి వేళ వేసి బల్ల తుడుస్తాను.